ఏడో పేజీ మార్జిన్‌లో

వరంగల్‌కు దగ్గర్లోని ఒక మండల కేంద్రం నుంచి అమెరికా వెళ్ళి, ఒహైయో రాష్ట్రంలో, సైన్సు, సాహిత్యం, చరిత్ర అన్నీ కలిపి చదివించే ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరమిది. తన పేరుగానీ కాలేజీ పేరుగానీ బయటపెట్టవద్దని కోరింది. కాలేజీ మొత్తం మీద 1,700 మంది విద్యార్థులు. ఫీజులోనూ హాస్టల్ ఖర్చులోనూ ఎక్కువ భాగం కాలేజీయే భరిస్తోంది. మిగిలినది, విమాన ఖర్చులతో కలిపి ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు ఇంటి నుంచి వెళ్ళాలి. తండ్రికి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి 14 లక్షలు అప్పు తెచ్చారు. తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు.

ఆమె ఇంటర్ హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చదివింది. కంప్యూటర్ సైన్స్ చేద్దామనే అమెరికా వెళ్ళింది. ఆ సబ్జెక్టులో ఇప్పటికి నాలుగు కోర్సులు పూర్తి చేసింది, మార్కులు బాగానే ఉన్నాయి. మొదటి ఏడాది రాయడం నేర్పే సెమినార్‌లో మాత్రం బి మైనస్ వచ్చింది. తరగతిలో నోరు విప్పకపోవడమే కారణమని చెప్పారట. పోయిన సెమిస్టర్‌లో డిగ్రీకి కావలసిన కోటా నింపడం కోసం ఒక చరిత్ర కోర్సు తీసుకుంది. రాజ్యాలు నీటిని ఎలా పంచాయన్నది ఆ కోర్సు విషయం. అందులో అమ్మమ్మ ఊరి చెరువు మీద పన్నెండు పేజీల వ్యాసం రాసింది. "ఆ మూడు వారాలు నాకు ఆకలి, నిద్ర గుర్తు రాలేదు" అంటుంది.

మార్చి 15లోగా మేజర్, అంటే పట్టాకు ప్రధాన విషయం, ఏదో తేల్చి చెప్పాలి. చరిత్ర తీసుకుంటానంటే నాన్న ఫోనులో చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "చరిత్ర చదివితే ఉద్యోగం ఎవరిస్తారమ్మా" అన్నారట. డాలస్‌లో ఉన్న పెదనాన్న గారి అబ్బాయి "మీ కాలేజీ పేరు ఇక్కడ ఏ కంపెనీకీ తెలియదు, మా దగ్గర పెద్ద యూనివర్సిటీకి మారిపో, ఉద్యోగాల మేళాకు వందల కంపెనీలు వస్తాయి" అంటున్నాడు. ఆ దరఖాస్తు సగం నింపి పెట్టుకుంది. దానికి గడువు మార్చి 1. పోయిన వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు ఒక పెళ్ళిలో ఎవరో "ఆర్ట్స్ కాలేజీలో చదవడానికి అమెరికా దాకా పోవాలా, హనుమకొండలో లేదా" అన్నారనీ, నాన్న విస్తరి ముందు తల వంచుకున్నారనీ రాసింది. ఆ దృశ్యం కళ్ళ ముందు నుంచి పోవడం లేదంటుంది.

చివరి పేజీలో, సంతకానికి కాస్త పైన, మరో సంగతి ఉంది. చరిత్ర ప్రొఫెసర్ ఆ వ్యాసానికి ఎ మైనస్ ఇచ్చి, ఏడో పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఇలా రాశారట: "ఏ పొలానికి ముందు నీళ్ళు వదలాలో ఎవరు నిర్ణయించేవారు? ఇది నీకెలా తెలిసింది? వచ్చి కలువు." ఎక్కడి నుంచో ఎత్తి రాశానని అనుమానించారేమోనన్న భయంతో ఆమె వెళ్ళలేదు. ఏడు వారాలైంది.

ఏ మేజర్ తీసుకోవాలి? కాలేజీ మారాలా? నాన్న అప్పును వృథా చేశానా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

నీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే నువ్వు అడగని నాలుగో సంగతితో మొదలుపెట్టాలి, ఎందుకంటే మిగతా మూడింటి ముడీ అక్కడే పడింది.

ఆ ప్రొఫెసర్ రాసినదాన్ని నువ్వు తప్పుగా చదివావు. కాపీ కొట్టావని అనుమానం ఉంటే ఎ మైనస్ వచ్చేది కాదు, పెన్సిల్ రాతా ఉండేది కాదు. నియమాల ప్రకారం కాలేజీ నుంచి నీకు నోటీసు వచ్చేది. "నీకెలా తెలిసింది" అన్నది చరిత్ర చదివేవాళ్ళు ఒకరినొకరు రోజూ అడుక్కునే ప్రశ్న. నీ ఆధారం ఏమిటి, శాసనమా, రెవెన్యూ రికార్డా, ఎవరైనా చెప్పారా అని దాని అర్థం. అంటే ఆమె నీ వ్యాసంలో తనకు తెలియని విషయం ఒకటి చూసింది. ఇంకా తెలుసుకోవాలనిపించి నిన్ను పిలిచింది. ఒక పరిశోధకురాలు ఇరవై ఏళ్ళ విద్యార్థికి ఇవ్వగలిగిన మర్యాదల్లో అంతకన్నా పెద్దది నాకు తెలియదు.

నువ్వు భయపడడం నాకు వింతగా అనిపించలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. అన్నేళ్ళలో స్టాఫ్ రూమ్ గడప దగ్గర నిలబడిన పిల్లల్లో నూటికి తొంభై మంది హాజరు తక్కువైందనో, హాల్ టికెట్ ఆగిపోయిందనో వచ్చినవాళ్ళే. నువ్వు చదివిన రెసిడెన్షియల్ కాలేజీల్లో సంగతి ఇంకా కఠినం. అక్కడ గదికి పిలిచారంటే వారాంతపు పరీక్షలో ర్యాంకు పడిపోయిందని, ఇంటికి ఫోను వెళ్తుందని అర్థం. తెల్లవారుజామున లేచి, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో తల ఎత్తకుండా కూర్చున్న పిల్లకు, ఎవరి కంట్లోనూ పడకపోవడమే క్షేమమని ఒళ్ళంతా పాఠం ఎక్కిపోతుంది. ఆ పాఠం అక్కడ నిన్ను కాపాడింది. ఇప్పుడున్న చోట అదే నిన్ను ముంచుతోంది. నీ బి మైనస్ వెనక ఉన్నది కూడా అదే. పద్నాలుగు మంది ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమే పాఠమైనప్పుడు, నీ మౌనాన్ని వాళ్ళు అణకువ అనుకోరు, రాకపోవడంతో సమానంగా లెక్కవేస్తారు.

నీ ఉత్తరం నాలుగు పేజీలు. నాన్న, అన్నయ్య, పెళ్ళిలో మాట తూలిన పెద్దమనిషి, చివరికి విమానంలో పక్క సీటాయన కూడా అందులో ఉన్నారు. మీ కాలేజీలో పనిచేసే మనుషుల్లో మాత్రం ఆ చివరి పేజీ ప్రొఫెసర్ తప్ప ఒక్కరూ లేరు. నీకు అకడమిక్ అడ్వైజర్ ఒకరు ఉండాలి. వారి సంగతి ఒక్క వాక్యమైనా లేదు. ఆన్‌లైన్లో కోర్సుల అనుమతి కోసం సెమిస్టర్‌కు ఒకసారి అయిదు నిమిషాలు కలిసి వస్తున్నావని ఊహిస్తున్నాను. ఇంటి నుంచి వెళ్తున్న ఏడాదికి అయిదు లక్షలకూ అక్కడ దొరికే అసలు సరుకు ఆ మనుషులే. డబ్బు కట్టేసి సరుకు కౌంటర్ మీదే వదిలి వస్తున్నావు. మీ నాన్నగారిది వ్యాపారం కాబట్టి ఈ పోలిక ఆయనకు చెప్పినా అర్థమవుతుంది.

ఆ పెళ్ళిలో అన్న మాట సంగతి కూడా ఇక్కడే చూద్దాం. మన దగ్గర 'ఆర్ట్స్' అంటే సైన్సు దొరకనివాళ్ళు తీసుకునే గ్రూపు అన్న అభిప్రాయం పాతుకుపోయింది. ఆ అభిప్రాయమే తప్పు, దాన్ని లిబరల్ ఆర్ట్స్‌కు అంటగట్టడం మరో తప్పు. ఆ పేరులోని కళల్లో గణితం, ఖగోళశాస్త్రం మధ్యయుగాల నుంచీ ఉన్నాయి. జెనిఫర్ డౌడ్నా పేరు విని ఉంటావు. జన్యువులను సవరించే పద్ధతికి 2020లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకుంది. 1985లో ఆమె పట్టా తీసుకున్నది కాలిఫోర్నియాలోని పొమోనా అనే చిన్న కాలేజీలో. చదివింది బయోకెమిస్ట్రీ, పట్టా పేరు మాత్రం బీఏ. రెండో ఏడాదిలో ఆమె కూడా నీలాగే ఊగిసలాడింది. సైన్సు తనవల్ల కాదనుకుని ఫ్రెంచ్ మేజర్‌కు మారాలనుకుంది. వద్దు, సైన్సులోనే ఉండు అని చెప్పింది ఎవరో తెలుసా? ఫ్రెంచ్ పాఠం చెప్పే టీచరే. తన సబ్జెక్టుకు వస్తానన్న పిల్లను వెనక్కి పంపగలిగిందంటే, ఆమెకు ఆ పిల్ల ఎంత బాగా తెలిసి ఉండాలి!

ఇలాంటి కాలేజీల నుంచి గొప్పవాళ్ళయిన వారి కథలు తవ్వితే ఇటువంటి టీచరు ఒకరు తరచూ కనిపిస్తారు. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉండే గ్రినెల్ కాలేజీలో చదివాడు. అక్కడ ఫిజిక్స్ చెప్పిన గ్రాంట్ గేల్, బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో ట్రాన్సిస్టర్ తయారైన కొత్తల్లోనే రెండింటిని సంపాదించి తన విద్యార్థుల చేతుల్లో పెట్టాడు. అప్పటికి పెద్ద విశ్వవిద్యాలయాల్లోనే ఎంతోమంది వాటిని చూడలేదు. ఆ రోజుల్లోనే నాయిస్ హాస్టల్ విందు కోసం పక్క పొలంలో పందిని దొంగిలించి పట్టుబడ్డాడు. పోలీసులు, బహిష్కరణ దాకా వెళ్ళిన వ్యవహారంలో గేల్, కాలేజీ అధ్యక్షుడు అడ్డుపడి ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో సరిపెట్టించారు. 1949లో పట్టా పుచ్చుకుని వెళ్ళిన ఆ కుర్రాడు తర్వాత సిలికాన్ చిప్పు కనిపెట్టినవారిలో ఒకడయ్యాడు. నిన్ను నాయిస్ కమ్మని ఇది చెప్పడం లేదు. మాస్టారికి పేరు పేరునా తెలిసిన విద్యార్థి తప్పు చేసినా నిలబడగలిగాడు. నువ్వు మంచి వ్యాసం రాసి కూడా దాక్కున్నావు. నా బాధ అదీ.

ఇవి పాత కథలనుకుంటే, 2014లో గాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి ముప్పై వేల మందికి పైగా అమెరికన్ పట్టభద్రులను అడిగి చూశాయి. చదువుకున్న కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా, చిన్నదా పెద్దదా అన్నదానికీ, తర్వాత చేసే పనిలో మనసు పెట్టగలగడానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. తనను ఒక మనిషిగా పట్టించుకున్న, చదువు మీద ఉత్సాహం కలిగించిన, ముందుకు వెళ్ళమని వెన్నుతట్టిన గురువులు తమకు దొరికారన్నవాళ్ళలో మాత్రం ఆ అవకాశం రెట్టింపుకు మించి ఉంది. మూడూ దొరికాయని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు నూటికి 14 మందే. చిన్న కాలేజీలో చేరినంత మాత్రాన ఆ 14 మందిలో చేరిపోవు. అక్కడికి దారి దగ్గర, అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా.

ఇప్పుడు కాలేజీ మారే విషయం. మీ అన్నయ్య చెప్పినదాంట్లో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. చిన్న కాలేజీకి కంపెనీలు బారులు తీరి రావు. పేరు చెబితే అది ఎక్కడుందని అడుగుతారు. పెద్ద విశ్వవిద్యాలయంలో నీ రెజ్యూమే పట్టుకుని ఒక హాల్లో ఒక మధ్యాహ్నం నలభై కంపెనీల బల్లల దగ్గర నిలబడవచ్చు. ఆ సౌకర్యం మీ దగ్గర లేదు, నాలుగో ఏడాదికీ రాదు. దాని బదులు నువ్వే వెతుక్కోవాలి. మూడో ఏడాది మొదలయ్యే ఆగస్టు, సెప్టెంబర్ల నుంచే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తులు పెట్టాలి. పూర్వవిద్యార్థుల జాబితా కెరీర్ ఆఫీసులో ఉంటుంది. ఏడాదికి నాలుగైదు వందల మందే పట్టా తీసుకునే చోట, అదే కాలేజీ పిల్ల నుంచి ఉత్తరం వస్తే జవాబిచ్చేవాళ్ళు ఎక్కువ. ఇదంతా ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఉత్తరాలు రాసే పని. నీకు అది కష్టమని తెలుసు. అందుకే ముందు తెలిసిన తలుపు తట్టమంటున్నాను.

మారితే ఏమవుతుందో కూడా లెక్క వేసుకో. అమెరికా ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి సాయం విదేశీయులకు వర్తించదు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, అందులోనూ మధ్యలో వచ్చి చేరే విదేశీ విద్యార్థికి, ఇంటి ఆదాయం చూసి ఫీజు తగ్గించే ఏర్పాటు దాదాపు ఉండదు. బయటి రాష్ట్రాల వారి ఫీజు పూర్తిగా కట్టాలి. ఇప్పుడు ఏడాదికి అయిదు లక్షలు పంపుతున్న ఇంటి మీద ఎన్నో రెట్ల భారం పడుతుంది. మీ ఇల్లు ఇప్పటికే తాకట్టులో ఉంది, రెండోసారి తాకట్టు పెట్టడానికి ఇంకో ఇల్లు లేదు. పైగా నువ్వు చేసిన కోర్సులన్నీ అక్కడ చెల్లుతాయన్న హామీ లేదు. చెల్లకపోతే ఒక సెమిస్టర్ అదనం. ఎక్కడైనా చేర్చుకుంటామన్న ఉత్తరంతో పాటు ఇంతే ఫీజు సాయం కూడా కాగితం మీద రాసి ఇస్తే, అప్పుడు ఆలోచించదగిన మాటే. అందుకని దరఖాస్తు పంపడం నేరమేమీ కాదు. ఆర్థిక సాయం గురించి వాళ్ళ ఆఫీసుకు ముందే ఒక మెయిల్ రాసి, జవాబు చూసి, దరఖాస్తు రుసుము అప్పుడు కట్టు. మార్చి 1కి ఇంకా వ్యవధి ఉంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఒక భయం నన్ను వదలడం లేదు. నలభై వేల మంది ఉన్న చోట దాక్కోవడం ఇంకా సులువు. అక్కడ రెండేళ్ళు ఎవరి కంటా పడకుండా గడిపి, పట్టా పుచ్చుకుని, సిఫార్సు ఉత్తరం కావలసి వచ్చినప్పుడు అడగడానికి ఒక్క పేరూ లేక నిలబడతావేమో.

మేజర్ విషయంలో నువ్వు కంప్యూటర్ సైన్సా, చరిత్రా అని రెండు తలుపులే చూశావు. దారులు అంతకంటే ఎక్కువే ఉన్నాయి, ప్రతి దారికీ టోలు ఉంది. ముందు వీసా నిబంధన చూడు, ఎందుకంటే దాన్ని ఎవరూ మార్చలేరు. చదువయ్యాక, విదేశీ విద్యార్థులు పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనే అనుమతి కింద ఏ మేజర్‌కైనా 12 నెలలు పని చేసుకోవచ్చు. ప్రభుత్వం స్టెమ్‌గా, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోవలోదిగా, గుర్తించిన మేజర్ అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు అడగవచ్చు. కంప్యూటర్ సైన్స్ ఆ జాబితాలో ఉంది, చరిత్ర లేదు. ప్రతి మేజర్‌కూ ఒక కోడ్ ఉంటుంది, అది వీసా కోసం కాలేజీ ఇచ్చే నీ ఐ–20 కాగితం మీద అచ్చవుతుంది. చాలామంది పిల్లలు పొరబడేది ఇక్కడే. చరిత్ర మేజర్, కంప్యూటర్ సైన్స్ మైనర్ (తక్కువ కోర్సులతో చదివే రెండో విషయం) తీసుకుంటే పొడిగింపు వస్తుందనుకుంటారు. రాదు. మైనర్ లెక్కలోకి రాదు. ఓపీటీ మొదలయ్యాక ఆ 12 నెలల్లో పని లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే అన్న సంగతి కూడా గుర్తుంచుకో. ఈ నిబంధనలను ప్రభుత్వాలు మారుస్తుంటాయి. కాబట్టి ఫారం మీద సంతకం చేసే ముందు మీ విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్ళి ఇవే ప్రశ్నలు మళ్ళీ అడుగు.

చరిత్ర ఒక్కటే తీసుకుంటే నువ్వు ప్రేమించిన పని రెండేళ్ళు మనసారా చేస్తావు. ఆ తర్వాత అమెరికాలో ఉండదలచుకుంటే 12 నెలల గడియారం నడుస్తుంటుంది. మంచి విశ్వవిద్యాలయాల్లో చరిత్ర పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి భృతి ఇస్తారు, కానీ ఆ భృతి ఒక మనిషి బతకడానికి సరిపోతుంది, 14 లక్షల అప్పు తీర్చడానికి చాలదు. పీహెచ్‌డీ తర్వాత అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది తప్పుడు దారి అనను. అప్పు లేని ఇంటి పిల్ల అయితే వెళ్ళు అని ఒక్క మాటలో చెప్పేదాన్ని.

రెండు మేజర్లూ చేస్తానంటావా? మీలాంటి కాలేజీల్లో డిగ్రీకి సుమారు 32 కోర్సులు. నీకు మిగిలినవి 16. కంప్యూటర్ సైన్స్‌లో ఇంకో ఏడు, చరిత్రలో తొమ్మిది కావాలనుకుంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒక్క కోర్సు తప్పినా కూలిపోతుంది. ఊపిరి సలపదు. నాలుగో ఏడాదిలో సొంతంగా పరిశోధన వ్యాసం రాసే తీరిక ఉండదు. మళ్ళీ ఇంటర్ రోజులే వస్తాయి. దానికి నువ్వు అలవాటు పడినదానివే, అందుకే నీకు అది మంచి మార్గంలా కనిపిస్తుందేమోనని నా అనుమానం.

కంప్యూటర్ సైన్స్ మేజర్, చరిత్ర మైనర్ అనుకుంటే పదకొండు కోర్సులతో అయిపోతుంది, అయిదు చేతిలో మిగులుతాయి. ఆ అయిదింట్లో గణాంకశాస్త్రం, ఉపగ్రహ చిత్రాలతో పటాలు తయారుచేసే జీఐఎస్, ఒక పరిశోధన వ్యాసం పట్టించవచ్చు. నీ చెరువునే తీసుకో. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా తవ్విన చెరువులు మన ప్రాంతమంతా ఉన్నాయి. ఒకదాని అలుగు పారితే ఆ నీరు కిందిదాన్ని నింపుతుంది. ఏ చెరువు ఏ చెరువుకు నీరిస్తుంది, ఎక్కడ గొలుసు తెగింది, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశాక ఆయకట్టు ఎంత పెరిగింది అన్నవి చరిత్ర ప్రశ్నలే, కంప్యూటర్ ప్రశ్నలు కూడా. రెండూ తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు కూడా "నేను పది ప్రోగ్రాములు రాశాను" అన్న మాట కన్నా "ఈ సమస్య నాది, దీన్ని ఇలా విప్పాను" అన్న మాట బాగా వినిపిస్తుంది. నా మొగ్గు ఇటు ఉందని దాచను. అయితే ఇందులో కూడా పోయేది ఉంది. చరిత్రలోని లోతైన సెమినార్లు కొన్ని వదులుకోవాలి. "నేను చరిత్ర విద్యార్థిని" అని చెప్పుకోలేకపోవడం నీకు ముల్లులా గుచ్చుతుందేమో కూడా నువ్వే చూసుకోవాలి. అది చిన్న విషయమని నేను అనను.

వేసవి గురించి ఒక మాట. ఇలాంటి చాలా కాలేజీలు ప్రొఫెసర్‌తో కలిసి ఎనిమిది నుంచి పది వారాలు పరిశోధన చేసే విద్యార్థులకు భృతి ఇస్తాయి. క్యాంపస్‌లోనే పని కాబట్టి వీసాకు ఇబ్బంది లేదు. దరఖాస్తులు సరిగ్గా ఈ నెలల్లోనే తీసుకుంటారు. వాటికి మొదటి అర్హత, నిన్ను పెట్టుకుంటానని ఒక ప్రొఫెసర్ అనడం. ఏడో పేజీలో ఒకరు అన్నంత పని చేశారు.

చివరిగా మీ నాన్నగారు. విస్తరి ముందు ఆయన తల వంచుకున్నారని రాశావు. సిగ్గుపడి వంచుకున్నారని నువ్వు అనుకుంటున్నావు. నాకు మరోలా అనిపిస్తోంది. కూతురు ఏం చదువుతోందో ఆయనకు తెలియదు, అందుకే జవాబు చెప్పలేకపోయారు. ఆ వ్యాసం సంగతి ఆయనకు చెప్పావా? ఉత్తరంలో ఎక్కడా లేదు. "చరిత్ర తీసుకుంటాను" అని మాత్రం చెప్పావు. ఆయన చెవికి అది రాజుల పేర్లు, యుద్ధాల తేదీలుగా వినిపించి ఉంటుంది. నువ్వు రాసింది చెరువు గురించి అని తెలిస్తే మాట వేరుగా ఉండేది. ఆయన దుకాణానికి వచ్చే రైతుల్లో సగం మంది ఏదో ఒక చెరువు కిందివాళ్ళే అయి ఉంటారు.

అందుకని ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు మేజర్ మాట ఎత్తకు. ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నే ఆయన్ని అడుగు. అమ్మమ్మ ఊళ్ళో తూము ఎవరు తీసేవారు, నీళ్ళు తక్కువైన ఏడు ఎవరి పొలానికి ముందు వదిలేవారు, చెరువు నీళ్ళు వదిలే నీరటికి కోతలప్పుడు ఎన్ని కుంచాల వడ్లు కొలిచేవారు, ఇవన్నీ అడుగు. ఆయనకు తెలియకపోతే దుకాణం అరుగు మీద కూర్చునే పెద్దవాళ్ళలో ఎవరికో తెలిసి ఉంటుంది, కనుక్కుని చెబుతారు. రాసుకో. ఎవరు చెప్పారో, వారి వయసెంతో కూడా రాసుకో. అప్పు లెక్క, వీసా లెక్క, కోర్సుల లెక్క ఒక కాగితం మీద పెట్టి తర్వాతి వారం ఆయనకు పంపు. లెక్క చూడగల మనిషి, చూస్తారు.

ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం గదిలో ఉండే వేళలు తలుపు మీదే రాసి పెడతారు. ఆ వేళకు వెళ్ళు. ఆలస్యానికి క్షమాపణ ఒక్క వాక్యంలో చెప్పు, అంతకు మించి వద్దు. వ్యాసం ఏడో పేజీ తెరిచి బల్ల మీద పెట్టు. "ఇది మా అమ్మమ్మ చెప్పింది. మొన్న మా నాన్నను కూడా అడిగాను. ఆయన చెప్పింది కొంచెం వేరుగా ఉంది" అని మొదలుపెట్టు.